కుడికి దుంకు, బావా!

పాలమూరు గడ్డ మీద పాలమూరు జట్టును ఒక్క గోలు తేడాతో ఓడించిన పదకొండు మందిలో నేనొకణ్ణి. ఈ సంగతి మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అంతటితో ఆగరు. "మా బిక్షం లెక్కతోనే గెలిచినం" అని కూడా చెబుతారు. ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. ముప్పై ఏళ్లుగా నేను ఆ మాట విని, తల కొంచెం వంచి, నవ్వీ నవ్వనట్టు నవ్వి ఊరుకుంటున్నాను. ఇవాళ ఊరుకోదలచుకోలేదు. ఆ రోజు నేను చేసిన లెక్క పైనుంచి కిందికి కూడినా, కిందినుంచి పైకి కూడినా తప్పే. ఒక జట్టును నిలువునా ముంచడానికి ఒక పెన్సిలు, ఒక గళ్ల కాగితం, మూడో తరగతి చదువు, పుట్టెడు గర్వం ఉంటే చాలునని రుజువు చేసిన ఘనుణ్ణి నేను. జట్టు మునగలేదంటే అందులో నా తప్పేమీ లేదు. నా వంతు నేను చేశాను.

ముందు నా యోగ్యతలు చెప్పుకోవాలి. మాది నల్లగొండ జిల్లాలో చండూరు దిక్కు ఒక మగ్గాల ఊరు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన నాలుగైదేళ్లకు జరిగిన మాట ఇది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బడి నన్ను మూడో తరగతిలోనే వదిలేసింది. అంకెలు మాత్రం వదల్లేదు, జలగల్లా పట్టుకున్నాయి. మా ఇంటి నుంచి చేదబావి దాకా నూట నలభై ఆరు అడుగులు. నిండు కడవతో తిరిగొస్తే నూట అరవై మూడు. ఆ తేడా ఎందుకొస్తుందో చెప్పడానికి నేనెప్పుడూ సిద్ధంగానే ఉండేవాణ్ణి. అడిగినవాడు లేడు. ఊరు నాకు 'లెక్కల బిక్షం' అని పేరు పెట్టింది. మెచ్చి పెట్టారనే చాలా ఏళ్లు అనుకున్నాను.

మా ఊరి పని చిటికి నేత. నూలును నేయకముందే, బట్టలో పువ్వు ఎక్కడ రావాలో అక్కడ దారంతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి నేస్తే పువ్వు దానంతటదే తేలుతుంది. ఏ పోగు ఎక్కడ కట్టాలో గళ్ల కాగితం మీద ముందుగా గీసుకోవాలి. మా వాడలో ఆ గీత పని నాది. ఇందులో ఒక సుఖం ఉంది. నా కొంప ముంచింది ఆ సుఖమే కనుక కాస్త విడమరిచి చెబుతాను. పువ్వును సగం గీస్తే చాలు. నూలును మధ్యకు మడిచి కడతాం కాబట్టి, కుడి సగం ఎలా ఉంటే ఎడమ సగం అలాగే వచ్చేస్తుంది. పదేళ్లుగా పువ్వులను సగం సగం గీసినవాడికి కుడీ ఎడమా వేర్వేరు దిక్కులని గుర్తుండదు. మడత విప్పితే రెండూ ఒకటే కదా!

ఇక మా బావ. పేరు నర్సింహ. మా అమ్మానాయినలు నా చిన్నతనంలోనే పోతే, అక్క కాపురానికి వస్తూ నన్ను కూడా చంకనేసుకుని వచ్చింది. "కోడలొస్తదనుకుంటే కోడలెంట కొడుకు గూడ వచ్చిండు" అని బావ తల్లి మూతి తిప్పిందట. "మంచిదే గదనే అవ్వా, ఆసరకు రెండు చేతులు ఎక్కువొచ్చినయి" అన్నాడట బావ. అప్పుడు నా చేతులు పాల బువ్వ గిన్నె కూడా పట్టుకోలేనంత చిన్నవి. బావకు అక్షరం ముక్క రాదు. మగ్గం గుంట పక్కన కూర్చోబెట్టుకుని, పోగులు చూపించి నాకు వంద దాకా లెక్క నేర్పింది ఆయనే. "నాకొచ్చింది గింతే. వంద మీద నీ తిప్పలు నువ్వు పడు" అన్నాడు. నేను పడ్డాను. ఆ తిప్పలే ఈ కథ.

ఊళ్లోకి ఫుట్‌బాల్ తెచ్చింది బడిలోని డ్రిల్లు సారు. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లకు, సాయంత్రం ఆ కాళ్లతో పరుగెత్తవచ్చునని తెలిసిన రోజు పండగలా అనిపించింది. బావకు ముప్పై మూడేళ్లు, తాటిచెట్టంత మనిషి. చేతులు చాపితే ఈ గోలు కట్టె నుంచి ఆ గోలు కట్టె దాకా సగం దూరం ఆయనే ఉండేవాడు. అందుకని సారు ఆయన్ను గోలులో నిలబెట్టాడు. తక్కిన సగంలో నుంచే బంతి వెళ్లేది.

వెళ్లడమంటే మామూలుగా వెళ్లడం కాదు. ముందటేడు పాలమూరు జట్టు మా ఊరికి వచ్చి, మా వాళ్లందరి ముందు నాలుగు గోలులు కొట్టి పోయింది. అందులో రెండు పెనాల్టీలు. రెండూ సత్తార్ అనే ఆయన కొట్టాడు. రెండుసార్లూ బంతి ఒక దిక్కు, బావ ఒక దిక్కు. మర్నాటికల్లా ఊరు బావకు 'దర్వాజ నర్సింహ' అని పేరు పెట్టేసింది.

ఊరి వాళ్లకు చేతిలో నూలున్నా లేకపోయినా నోట్లో మాట ఉంటుంది. "ఏం దర్వాజ, పొద్దుగాలనే తెరిచినవా?" అని ఒకడు. "గాలి మంచిగొస్తాందే, దర్వాజ దిక్కు కూసుందాం" అని ఇంకొకడు. బావ అందరితో పాటు నవ్వేవాడు. కానీ నూలు తేవడానికి వెళ్లేటప్పుడు పెద్ద బజారు వదిలి, చుట్టు తిరిగి వెనక సందులో నుంచి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ చుట్టు దారి నాలుగు వందల పది అడుగులు ఎక్కువ. నేను లెక్కపెట్టాను కదా, నాకు తెలుసు.

ఒకనాడు అన్నం ముందు కూర్చుని బావ అక్కతో అన్నాడు: "ఈసారి మనమే పాలమూరు పోవాలె. ఇంకొక్కపారి నిలబడుత. ఆడ గూడ బంతి నా పక్కకెళ్లి పోయిందనుకో, ఇగ బంతి ముట్ట. ఈ చేతులు మగ్గానికే."

అక్క ఆయన కంచంలో ఇంకొంచెం పప్పు పోసింది. రోజంతా గుంటలో కూర్చునే మనిషికి ఆ సాయంత్రపు గంట ఏమిటో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. నా పెన్సిలు ఉండగా మా బావ చేతులు బంతికి దూరం కావడమా? ఎట్లా అవుతాయో చూస్తానని మీసం మెలేశాను. మీసం ఇంకా సరిగా రాలేదు, అది వేరే సంగతి.

దేవుడు కూడా నా పక్షానే ఉన్నట్టు, ఆట ఇంకా నెలన్నర ఉందనగా పాలమూరులో మా మేనత్త కాలు విరగ్గొట్టుకుంది. పెద్ద దవాఖానలో పడేశారు. ఆమెకు అన్నం మోయడానికి తోడు కావాలంటే "నేను పోత" అని లేచాను. నా మేనత్త మీద నాకంత ప్రేమ ఉన్నట్టు అంతవరకు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

తొమ్మిది రోజులున్నాను. మధ్యాహ్నం అత్తకు అన్నం, సాయంత్రం పాలమూరు జట్టు ఆడుకునే మైదానం. మైదానంలో ఒకే ఒక వేపచెట్టు ఉంది. దాని నీడలో కూర్చుంటే, బంతి పెట్టి కొట్టే సత్తార్ వీపు నాకు కనిపిస్తుంది, అతని ముందు గోలు కనిపిస్తుంది. హాయిగా ఉంటుంది. గళ్ల కాగితం మోకాలి మీద పెట్టుకుని, అతను బంతి ఒక్కసారి కొడితే ఒక్క గడి నింపేవాణ్ణి. కుడికి వెళితే కుడి వరుసలో, ఎడమకు వెళితే ఎడమ వరుసలో.

మూడో రోజు సత్తార్ నన్ను చూసి దగ్గరికే వచ్చాడు. ఏదో కచేరీలో గుమాస్తా. సన్నగా, మర్యాదగా ఉంటాడు.

"ఏం రాస్తున్నవ్ భాయ్?"

"పువ్వు," అన్నాను. "చిటికి పువ్వు. మేం నేసేటోళ్లం."

కాగితం తీసుకుని తల అటూ ఇటూ తిప్పి చూశాడు. తన కాలి గుట్టంతా తన చేతిలోనే ఉంది. "మంచిగుంది. కానీ ఈ దిక్కు బరువైంది, ఆ దిక్కు తేలికైంది. జర సమానం చెయ్యి," అన్నాడు. ఆపైన నాకు చాయ్ తాపించాడు. దొంగకు దివిటీ పట్టడం విన్నాం కానీ, దొంగకు చాయ్ తాపించడం ఆ రోజే చూశాను. చాయ్ బాగుంది. అదే ఇప్పటికీ బాధ.

తొమ్మిది రోజుల్లో నలభై మూడు పెనాల్టీలు. కుడికి ముప్పై ఆరు, ఎడమకు ఏడు. అంటే పదింట ఎనిమిది కంటె ఎక్కువ, తొమ్మిది కంటె తక్కువ. ఇంత గొప్ప నిజం ఒక వేపచెట్టు కింద దొరకడం నాకు ముందే రాసి ఉందనుకున్నాను. అత్త కాలు అతుక్కుందో లేదో అడగడం కూడా మరిచి బస్సెక్కాను.

ఇంటికి రాగానే కాగితం బావ ముందు పరిచాను.

"బావా, సత్తార్ పెనాల్టీ కొడితే పదింట ఎనిమిది కుడికే. నువ్వు ఏం ఆలోచన చెయ్యకు. వాడు కాలు లేపంగనే కుడికి దుంకు."

బావ ఆ గడులను, నేసిన బట్టలో ముడి వెతికినట్టు దగ్గరగా చూశాడు. "పదింట ఎనిమిదా? మల్ల ఆ రెండు?"

"ఆ రెండు దేవునికి ఇడిసిపెట్టు."

పొయ్యి దగ్గర నుంచి అక్క అందుకుంది. "ఆ ఎనిమిది గూడ దేవునికే ఇడిసిపెట్టరాదు? నీ కంటె మంచిగ చూసుకుంటడు."

"నువ్వూకో అక్కా, ఇది లెక్క."

బావ గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకు నేను ముప్పై ఏళ్లుగా లోలోపల దండం పెడుతూనే ఉన్నాను.

"బిక్షం, కుడి అంటె ఎవ్వరి కుడిరా?"

పాఠకులారా, మూడో తరగతి చదివినవాణ్ణి అక్షరం రానివాడు అడిగిన ప్రశ్న అది. ఆ క్షణాన నాకు రవ్వంత వినయం ఉన్నా ఈ కథ ఉండేది కాదు. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"ఎవ్వరి కుడి ఏంది బావా! కుడి అంటె కుడే. అన్నం తినే చెయ్యి."

"అది గాదురా. వాడు గిట్ల నిలబడ్డడు. నేను గట్ల నిలబడ్డ..."

"బావా," అన్నాను, చంటిపిల్లవాడికి చెప్పినట్టు. "మనం పువ్వు సగం గీస్తం. మిగిలిన సగం ఎట్ల వస్తది?"

"మడతల అదే వస్తది."

"మరి? గీడ గూడ గంతే. ఏ దిక్కుకెళ్లి చూసినా లెక్క ఒక్కటే."

బావ కాసేపు ఆలోచించి, "నువ్వన్నంక ఇగేంది, గంతేనేమో," అన్నాడు. వంద దాటిన లెక్కల్లో ఆయన నన్ను ఎప్పుడూ కాదనలేదు.

ఆ తర్వాత నెల రోజులు, పొద్దు వాలే వేళ, ఇంటి వెనక గడ్డి పరిచి మా సాధన. నేను కొట్టడం, బావ దుంకడం. కొట్టేదంతా ఆయన కుడికే. దుంకేదంతా ఆయన కుడికే. ఒకటి కాదు రెండు కాదు, రోజుకు అరవై. పది రోజులకు కుడి భుజం ఉబ్బి జొన్నరొట్టెలా అయింది. అక్క పసుపు నూనె పట్టిస్తూ నన్ను తిట్టేది. "నీ లెక్కల మన్నువొయ్య, నా పెనిమిటిని ఒక్క దిక్కు ఒంగవెడుతున్నవ్ గదరా! రేపు మగ్గం మీద కూసుంటే బట్ట గూడ వంకరే వస్తది." ఇరవై రోజులు గడిచేసరికి ఎవరైనా వెనక నుంచి "నర్సింహా" అని పిలిస్తే, మనిషి ఎడమ వైపు ఉన్నా సరే, బావ కుడి నుంచి పూర్తిగా ఒక చుట్టు తిరిగి చూసేవాడు. నాకు మాత్రం లోపల పువ్వులు పూస్తున్నాయి. పువ్వులన్నీ సగమే పూస్తున్నాయని అప్పుడు తెలియదు.

ఆట రోజు రానే వచ్చింది. ముందు రోజే బయల్దేరి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మూడు బస్సులు మారి పాలమూరు చేరాం. దారి పొడుగునా జొన్నరొట్టెలు తింటూ, డ్రిల్లు సారు చెప్పే జాగ్రత్తలు వింటూ వెళ్లాం. సారు జాగ్రత్తల్లో పదహారు 'వద్దు'లు, ఒకే ఒక్క 'కావాలి' ఉన్నాయి. కావలసింది గెలుపట.

మైదానమంతా మొరం. ఎర్రటి గులకరాళ్లు. మాలో సగం మందికి బూట్లు లేవు. చుట్టూ పాలమూరు జనం. బావ గోలులోకి నడుస్తుంటే గుంపులో నుంచి ఒక గొంతు లేచింది.

"అరె, దర్వాజ వచ్చిండ్రా!"

ఆ పేరు బస్సులు మారకుండానే మా కంటె ముందు అక్కడికి చేరింది. బావ తల ఎత్తలేదు. చేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు, పోగు తెగితే అతికేముందు రుద్దుకున్నట్టు.

మొదటి సగం గోలు లేకుండా గడిచింది. బావ రెండు బంతులు ఆపాడు. రెండూ కుడికి వచ్చినవే. రెండో సగంలో మా గోలు పడింది. దాన్ని మా ఎల్లేశం కొట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు. సత్యం నేను చెబుతాను. ఎల్లేశం బంతిని కొట్టలేదు, బంతే ఎల్లేశాన్ని కొట్టింది. పాలమూరు గోలు ముందు వాడు కాలిలో ముల్లు తీసుకోవడానికి వంగి ఉంటే, మా వాడెవడో వెనక నుంచి తన్నిన బంతి వాడి నడినెత్తికి తగిలి, దిక్కు మారి, నేరుగా గోలులోకి దొర్లింది. "ఎవడ్రా కొట్టింది నన్ను?" అని వాడు కోపంగా లేచేసరికి మేం తొమ్మిది మందిమి వాడి మీద పడి ముద్దులు పెడుతున్నాం. ముల్లు ఇంకా కాలిలోనే ఉంది.

ఒకటి, సున్న. ఇంకా పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు పాలమూరు వాళ్లు మా మీద వడగళ్లలా కురిశారు. బావ అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ, మనిషి మనిషి కాదు, పోగుల మధ్య ఉరికే నాడె. ఇంకా మూడు నిమిషాలుందనగా ఒక బంతి ఆకాశానికి లేచి నా దిక్కు దిగింది.

నేను వెనక లైనులో ఆడేవాణ్ణి. బంతి దిగుతుంటే తన్నడం మానేసి లెక్క కట్టాను. మొదటి గంతు నిలువెత్తు, రెండోది నడుమెత్తు, మూడోది మోకాలెత్తు, మూడోదాన్ని తన్నాలి. లెక్క బాగానే ఉంది. రెండో గంతుకు బంతి ఒక మొరం రాయి మీద పడి, లెక్కను కాదని సర్రున నా ముఖం మీదికి లేచింది. అప్పుడు నా చేతులు, నన్ను అడగకుండా, వాటంతటవి లేచి బంతిని పట్టుకున్నాయి. రెండు చేతులతో. ముద్దుగా. రంగు కుండ దగ్గర నుంచి అక్క తడి నూలు చిలప విసిరితే, మట్టిలో పడితే రంగు పాడవుతుందని చిన్నప్పటి నుంచీ ఠక్కున పట్టుకున్న చేతులవి. పట్టుకోవడమే కాదు, అలవాటు కొద్దీ ఆరేయడానికి దండెం కోసం కూడా వెతికాను.

రెఫరీ ఈల వేశాడు. పెనాల్టీ.

"బిక్షం! నీ చేతులు ఇరగ!" అని డ్రిల్లు సారు గీత అవతలి నుంచి ఒక పెద్ద పొలికేక పెట్టాడు. ఎల్లేశం నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. నాకు మాత్రం కించిత్తు భయం లేదు. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉంది. పెనాల్టీ రాకపోతే నలభై మూడు గడుల లెక్క ఏమైపోవాలి? ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట ఒకడు. నేను ఏకంగా పాలు కూడా పితికేశాను. "ఫికర్ జెయ్యకుండ్రి, బావకు ఎరుకే," అని అందరికీ ధైర్యం చెప్పి, సత్తార్ వెనకకు వెళ్లి నిలబడ్డాను.

అదిగో, అక్కడ నిలబడ్డాక జరిగింది. ముందు సత్తార్ వీపు. అతని ముందు గోలు. వేపచెట్టు కింద తొమ్మిది రోజులు చూసిన బొమ్మే. కానీ ఈసారి ఆ బొమ్మలో మా బావ ఉన్నాడు, నాకు ఎదురుగా. మోకాళ్లు వంచి, కుడి భుజం కొంచెం దించి, దుంకడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ భుజం నా ఎడమ వైపు ఉంది.

నా కుడి వైపు గోలంతా ఖాళీ. ముప్పై ఆరు గడులూ అక్కడ కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నాయి.

'ఎవ్వరి కుడిరా?'

బావ వెనక సందు దారి కళ్ల ముందు తిరిగింది. సాయంత్రం గంటసేపు బంతి పట్టుకునే ఆ చేతులు ఇక మగ్గానికే. దానికి కారణం పాలమూరు వాళ్లు కాదు, ఆయన పాల బువ్వ తినిపించి పెంచిన నేను. సత్తార్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఇక ఆగలేకపోయాను.

"బావా! ఎడమకు! నీ ఎడమకు దుంకు! కుడి గాదే, ఎడమ!"

ఊరంతా వినిపించేలా అరిచాను. పాలమూరు రైలు స్టేషను దాకా వినిపించి ఉంటుంది. రెఫరీ నా మీదికి వచ్చి వేలు చూపించాడు. జనం నవ్వారు. సత్తార్ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. చాయ్ తాపించిన నాటి కళ్లే. ఏదో అర్థమైనట్టు తల ఊపాడు. బావ మాత్రం కదల్లేదు. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

ఈల మోగింది. సత్తార్ పరుగెత్తి కొట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. లెక్కలవాడు ఫలితం చూడకుండా కళ్లు మూసుకోవడం అదే మొదటిసారి.

ధన్ మని ఒక చప్పుడు. కళ్లు తెరిస్తే బావ మొరం మీద కుడి వైపు బోర్లా పడి ఉన్నాడు. బంతి ఆయన పొట్ట కింద ఉంది.

ముందుగా చప్పట్లు కొట్టింది పాలమూరు జనమే. అందుకు ఆ ఊరికి ఎప్పుడూ మొక్కుతాను. రెండు నిమిషాలకు ఆట ముగిసింది. బావ గోలు ముందు కూలబడి, మోచేతుల నిండా నెత్తురు, బంతిని ఒళ్లో పెట్టుకున్నాడు. రెఫరీ బంతి ఇమ్మని చెయ్యి చాపితే, "జరసేపు ఉండనియ్యి సారూ," అన్నాడు. ఆ పెద్దమనిషి సరేనని పక్కన నిలబడ్డాడు.

ఏం జరిగిందో సత్తారే వచ్చి చెప్పాడు. నా రెండు భుజాలూ పట్టుకుని, అందరూ వింటుండగా చెప్పాడు.

"ఏం దిమాగ్ భాయ్ నీది! నాకు ఆ దిక్కే అలవాటు. నువ్వు 'ఎడమకు దుంకు' అని ఒర్రంగనే నా అలవాటు మీకు దొరికిందని సమజైంది. గందుకే దిక్కు మార్చి కొట్టిన. చూస్తే ఈయన ఆడనే పండుకోని ఉన్నడు! ఒర్రుడు ఒక దిక్కు, దుంకుడు ఒక దిక్కు. ఇద్దరు కలిసి నన్ను పిచ్చోణ్ణి చేసిండ్రు!"

"శభాష్ బిక్షం!" అని, చేతులు విరగ అన్న డ్రిల్లు సారే ఇప్పుడు ఆ చేతులు పట్టి ఊపాడు. "గింత ఉపాయం మాకు ముందుగాల చెప్పకపోతివి!"

అదే సమయం. అప్పుడే నోరు తెరిచి 'ఉపాయం కాదు సారూ, రెండుసార్లూ నాది పొరపాటే' అనవలసింది. తెరిచాను కూడా. అందులో ఎవరో లడ్డూ పెట్టారు. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. నోట్లో లడ్డూ ఉంటే అది పూర్తి అంగీకారం. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య వస్తుందని చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. చదవగానే నాకు పాలమూరు మైదానం గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే తిరుగు బస్సు. బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. కల్వకుర్తి దాటాక ఆగలేక అడిగాను.

"బావా, నేను ఒర్రింది నీకు ఇనవడలేదా?"

"ఎందుకు ఇనవడలే? చెవులు పగిలిపోయినయి."

"మరి ఎడమకెందుకు దుంకలే?"

బావ నా వైపు తిరిగాడు. ఎప్పటిలాగే కుడి వైపు నుంచి.

"నువ్వు తొమ్మిది దినాలు కూసోని, మంచిగ లెక్కగట్టి చెప్పిన మాట నమ్మాల్నా? లేకుంటె గాబరపడి ఒర్రిన మాట నమ్మాల్నా? నీ గాబర నాకు ఎరుక లేదురా? చిన్నప్పుడు పిడుగు పడితె గూడ గట్లనే ఒర్రేటోనివి. నీ లెక్క మాత్రం ఎన్నడు తప్పలే."

అని కళ్లు మూసుకుని, నా భుజానికి తల ఆనించి నిద్రపోయాడు. చెప్పండి, ఆ తలను లేపి నిజం చెప్పగలరా మీరు? నేను చెప్పలేకపోయాను. దేవరకొండ దాకా భుజం కదల్చలేదు.

ఊళ్లో దిగగానే బావ పెద్ద బజారు మధ్య నుంచి నడిచాడు. 'దర్వాజ' అన్న నోళ్లే 'తాళం నర్సింహ' అన్నాయి. ఆపైన ఇంకో ఏడేళ్లు ఆయన గోలులో నిలబడ్డాడు. ఎన్ని గోలులు ఇచ్చాడో నేను లెక్కపెట్టలేదు. నా జీవితంలో కావాలని లెక్కపెట్టనిది అదొక్కటే.

ముప్పై ఏళ్లు ఆ అబద్ధపు కీర్తిని మోశాను. మొన్న ఒక మధ్యాహ్నం బావ పక్కన కూర్చుని నూలు చిక్కు తీస్తుంటే, మనసు ఆగలేదు. చెప్పేశాను. నేల మీద బొగ్గుతో గోలు గీశాను, సత్తార్‌ను గీశాను, వేపచెట్టు గీశాను, ఈసారి సగం కాదు, పూర్తిగా గీశాను. కుడి ఎక్కడ పోయిందో, ఎడమ ఎక్కడ తేలిందో అంతా విప్పి చూపించాను. "తప్పయింది బావా. నా లెక్క తప్పు. నీ పేరు నిలబడ్డది నా లెక్కతోని గాదు," అన్నాను.

బావకు ఇప్పుడు అరవై నాలుగు. బొమ్మ మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"అంటె ఆనాడు నేను తప్పు దిక్కు దుంకిన్నా?"

"అవు బావా."

"బంతి దొరికెనా లేదా?"

"దొరికె."

"ఆట గెలిస్తిమా లేదా?"

"గెలిస్తిమి."

బావ నిట్టూర్చి, చిక్కు నూలు మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. లోపలున్న అక్కకు వినిపించేలా గట్టిగా అన్నాడు.

"ఇగో, ఇన్నవా! నీ తమ్మునికి ఇన్నేండ్లొచ్చినా లెక్క రాకపాయె. ఒప్పును పట్టుకోని తప్పంటున్నడు!"

కనుక ఇందుమూలముగా, మా ఊరి మగ్గాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరికీ ఏ దిక్కుకు దుంకాలో చెప్పను. దారి అడిగిన బాటసారికి సైతం సీదా పొమ్మనే చెబుతాను. ఎదురుగా గోడ ఉంటే, అది ఆయన లెక్క.